బొంత కోటుకు పక్క వెలుతురు

నేను ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాగాథ. సముద్రాల అవతల, మంచు పట్టిన నగరాల్లో, పట్టుగౌన్ల అంచుల మీద పుట్టిన ఒక వెలుతురు యుద్ధాలు దాటి, ఎన్నో తరాల అందగత్తెలను తాకి, చివరకు కృష్ణ ఒడ్డున ఆత్మకూర్‌కు ఎలా వచ్చి చేరిందో చెప్పే ఫ్యాషన్ ఫొటోగ్రఫీ ఇతిహాసం. ఇందులో సౌందర్యం ఉంది, పతనం ఉంది, ఒక మనిషి నీళ్లలోకి దూకి చేసిన సాహసం ఉంది.

అంత లేదు. సౌందర్యం అంటే మా అవ్వ, నాయిన తల్లి. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో ఆమెకూ తెలియదు. పతనం అంటే ఒక థర్మాకోల్ అట్ట కాలువలో పడటం. నీళ్లలోకి దూకిన మనిషి మా నాయిన. ఆ కాలువ మోకాళ్ల లోతు. ఇతిహాసం పేరు చెప్పి కూర్చోబెట్టాను కాబట్టి, చరిత్ర మాత్రం మధ్యలో కొంచెం చెబుతాను.

మా మేనమామకు ఆత్మకూర్ బస్టాండు వెనక ఫొటో స్టూడియో ఉంది. నేను డిగ్రీ మధ్యలో ఆపేసి అక్కడ చేరాను. డిగ్రీ ఏమీ బాధపడలేదు. తెలంగాణ వచ్చిన ఏడాదే మామ మొదటి పెద్ద డిజిటల్ కెమెరా కొన్నాడు. "తెలంగాణ వచ్చింది, కెమెరా వచ్చింది" అని రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పేవాడు, రెండూ తనే కొట్లాడి తెచ్చినట్టు.

అంతకు ముందు స్టూడియోలో ఒక పరదా ఉండేది. దాని మీద నీలం సరస్సు, రెండు హంసలు, మంచుకొండలు, వాటి మీద పట్టపగలే చంద్రుడు. ఆ పరదా ముందు నిలబడి మా ఊరి సగం మంది కాశ్మీరు చూసి వచ్చారు. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఆ పరదా కిందే మధ్యాహ్నం నిద్రపోయేవాణ్ని. ఫ్యాను గాలికి గుడ్డ కదిలితే సరస్సులో అలలు లేచేవి. కళ్లు సగం మూసుకుంటే హంసలు నిజంగానే నా వైపు వస్తున్నట్టు ఉండేది. పూర్తిగా తెరిస్తే ఒక హంస మెడ దగ్గర మామ పెట్టిన పిన్నీసు కనిపించేది.

మామకు వృత్తిలో మూడు సూత్రాలు. "ముఖం తెల్లగ రావాలె. కాళ్లు కోయొద్దు. అందరు కెమెరాను జూడాలె." ఈ మూడింటి మీద ఆయన ఇరవై ఏండ్లు పెండ్లిళ్లు నడిపాడు. లైట్లు రెండూ మనిషికి ఎదురుగా పెట్టేవాడు. ఫొటో కంప్యూటర్‌లోకి ఎక్కాక ఇంకో పని ఉండేది. దాన్ని మామ 'తోముడు' అనేవాడు. అంటే ముఖం మీది మచ్చలూ ముడతలూ గుంటలూ తుడిచేసి, గిన్నె తోమినట్టు మెరిపించడం. మా ఊళ్లో తోమని ఫొటో ఇస్తే "గిదేంది, మా పిల్లను గిట్ల జేసినవ్?" అని తిరిగి తెస్తారు. పెండ్లికూతురు, పెండ్లికొడుకు, మేనత్తలు, పంతులు, అందరూ ఒకే చందమామ ముక్కలు.

తోముడు పని నాదే. చేత్తో ఒక్కొక్క ముఖం తోమితే పొద్దు గడుస్తుందని, మొత్తం ఫొటోకు ఒకేసారి తోముడు పడేట్టు కంప్యూటర్‌లో ఒక మీట పెట్టుకున్నాను. దాని వల్ల చిన్న చిన్న నష్టాలు జరిగేవి. నల్గొండ పక్కన పానగల్‌లో ఒక పెండ్లి తీసినప్పుడు, జంట వెనక పాత గుడి స్తంభం పడింది. ఎన్నో వందల ఏండ్ల ఎండ, వాన చెరపలేని చెక్కడాన్ని నేను ఒక్క మీటతో నున్నగా చేసేశాను. నాట్యం చేస్తున్న రాతి అమ్మాయి సబ్బుబిళ్ల అయింది. పెండ్లివాళ్లు మాత్రం చాలా సంతోషించారు.

ఇక చరిత్ర. ఒక ఆదివారం హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద నాకు ఒక లావు బొమ్మల పుస్తకం దొరికింది, ఫ్యాషన్ ఫొటోల చరిత్ర. మొదటి అరవై పేజీలు లేవు. అందుకే నాకు తెలిసిన చరిత్రకు మొదలు లేదు. అది అరవై ఒకటో పేజీలో, ఒక దొరసాని కిటికీ పక్కన నిలబడి ఉండగా మొదలవుతుంది. స్టూడియోలో గిరాకీ లేని మధ్యాహ్నాలు దాన్ని ముందేసుకుని, సగం ఇంగ్లిషు అర్థమై, సగం కలలాగా చదివేవాణ్ని.

ఆ పుస్తకం ప్రకారం, మొదట్లో పత్రికల్లో బట్టలకు ఫొటోలు ఉండేవి కావు, గీసిన బొమ్మలే. తర్వాత గొప్పింటి ఆడవాళ్లు తమ బట్టల్లోనే కెమెరా ముందు నిలబడ్డారు. అప్పటి ఫొటోగ్రాఫర్లు కెమెరా అద్దం ముందు పల్చటి జాలిగుడ్డ కట్టేవాళ్లట, గాజుకు కొంచెం నూనె రాసేవాళ్లట. బొమ్మ అంచులు కరిగి, మనిషి పాలలోంచి నడిచి వస్తున్నట్టు ఉండేది. ఆ తర్వాత పెద్ద పెద్ద దీపాలు వచ్చాయి, ఆడవాళ్లు పాలరాతి బొమ్మలయ్యారు. ఇంకొన్నాళ్లకు చిన్న కెమెరా పట్టుకుని ఎవరో సముద్రం ఒడ్డుకు పోయి, ఒకామెను పరుగెత్తమన్నారు. అక్కడి నుంచి బట్టలకు గాలి తగిలింది. మనుషులు దూకారు, నవ్వారు, వానలో వీధులు దాటారు. తర్వాత రంగులు, తర్వాత కంప్యూటర్. ఆ తర్వాత మా మామ.

అందులో నాకు బాగా నచ్చిన బొమ్మ ఒకటుంది. ఒకామె నిలువుటద్దం ముందు రాణిలా నిలబడి ఉంటుంది, గౌను ఒంటికి పోత పోసినట్టు ఉంటుంది. అద్దంలో ఆమె వీపు కనిపిస్తుంది. వీపు పొడుగునా బట్టలారేసే క్లిప్పులు. లూజుగా ఉన్న గౌనును వెనక గుంజి పట్టి ఉంచారన్నమాట. ఆ బొమ్మ చూశాక నాకు ఈ వృత్తి మీద పూర్తి నమ్మకం కుదిరింది.

మా అక్క నాకంటే మూడేండ్లు పెద్దది. కుట్టుపని బాగా వచ్చు. షాద్‌నగర్ దగ్గర ఒక బట్టల కంపెనీలో రెండేండ్లు చేసింది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క. అక్కకు ఎడమ చెయ్యి పడింది. రెండేండ్లు షర్టుల ఎడమ చేతులే కుట్టింది.

"షర్టు మొత్తం ఎట్లుంటదో మర్శిపోయిన్రా" అనేది ఇంటికి వచ్చినప్పుడు. "కలల గూడ మనుషులు ఎడమ చేత్తోనే వస్తుండ్రు."

"కుడి చెయ్యి కుట్టేటామెకు కూడా కలలు వస్తుంటయి. ఇద్దరు కల్సుకుంటే ఒక మనిషైతడు" అన్నాను.

అక్క నవ్వలేదు. నాలుగేండ్ల కింద, ఆ పని మానేసి వచ్చి, హైదరాబాద్‌లో బట్టల డిజైను నేర్పే కాలేజీ ఒకటుందని చెప్పింది. పరీక్ష లేదు. సొంతంగా కుట్టిన బట్టలు మనిషికి తొడిగి, ఎనిమిది ఫొటోలు తీసి పంపాలి. వాటిని చూసి సీటు ఇస్తారు. వయసు నిబంధన ఒకటి ఉంది. అక్కకు అదే ఆఖరి ఏడాది.

నాయిన వద్దనలేదు. సేద్యం మనిషి, ఏదైనా ఒక పంటకాలం ఇచ్చి చూస్తాడు. "పంపు బిడ్డా. వస్తే పో. రాకుంటే మల్ల షాద్‌నగర్. మల్ల మాట మార్సుడు ఉండొద్దు" అన్నాడు. అక్క సరేనంది. మళ్లీ ఆ ఎడమ చేతుల దగ్గరకు పోవడమా, పోకపోవడమా అన్నది ఎనిమిది ఫొటోల మీద పడింది. ఫొటోలు నా మీద పడ్డాయి. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ భయం వేయలేదంటే, నా పని వాళ్లెవరూ సరిగా చూడలేదనే అర్థం.

అక్క కుట్టింది మామూలు బట్టలు కాదు. మా వైపు ఇండ్లల్లో చిరిగిన పాతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, దారంతో దగ్గర దగ్గరగా వరసలు కుట్టి బొంత చేస్తారు. పండుకోవడానికి పరుచుకునేది, చలికి కప్పుకునేది. మా అవ్వ బొంత కుడితే వరసలు పల్లిచేను సాళ్లలాగా ఉంటాయి. ఎక్కడా వంకర పోదు, పోయినా అందంగా పోతుంది. అక్క అదే కుట్టుతో, అవ్వ పాతచీరలతోనే, ఒక పొడుగు కోటు, ఒక పొట్టి కోటు, ఒక లంగా, ఒక చేతుల్లేని జాకెట్టు తయారు చేసింది. మూడు నెలలు మధ్యాహ్నాలు ఇద్దరూ వసారాలో ఎదురెదురుగా కూర్చుని కుట్టారు. ఒక కొసన అవ్వ, ఒక కొసన అక్క, మధ్యలో వెలిసిపోయిన రంగుల చీరలు. అవ్వ పెండ్లినాటి ఎరుపు, నాయిన పుట్టిననాటి పసుపు, ఏ ఏడాదిదో తెలియని ఒక బూడిదరంగు నీలం. సూది పైకి లేచి కిందికి మునుగుతుంటే, దూరం నుంచి చూసేవాళ్లకు ఇద్దరూ నీళ్లలో చేతులాడిస్తున్నట్టు ఉండేది.

"పండుకునేదాన్ని తొడుక్కుంటే మంది ఏమంటరే బిడ్డా?" అని అడిగింది అవ్వ ఒక రోజు.

"నిద్ర లేచి తిరుగుతాంది అంటరు" అన్నాను నేను.

"నువ్వు ఇంక లేవనేలేదు గద కొడుకా" అంది అవ్వ, సూదిలోంచి కండ్లు తీయకుండా.

అక్క స్నేహితురాలు ఒకామె ఆ కోట్లు తొడుక్కుని ఫొటో దిగుతానంది. వాళ్లమ్మ మా వాకిట్లోకే వచ్చి చెప్పిపోయింది: "పెండ్లి గావాల్సిన పిల్ల, బొంత కప్పుకోని ఫొటో దిగుతదా? ఇంట్ల చీరలు లేవనుకోరా?" ఆమె మాటలో తప్పేమీ లేదు. మా దగ్గర బొంత అంటే లేనితనం. ఇంట్లో ఉంటుంది గాని, చుట్టాలొస్తే మడిచి లోపల పెడతారు. వీధిలో ఇంకో ముగ్గురిని అడిగినా అదే మాట. అక్క తనే తొడుక్కుంటే కోటు వెనకాముందూ సరిచేసేవాళ్లు ఉండరు. చివరకు అక్క అవ్వ వైపు చూసింది.

"నన్నెందుకు జూస్తున్నవే?"

"నీ చీరలే గదనే. నీకే మంచిగుంటది."

అట్లా మా అవ్వ మోడల్ అయింది.

మామ స్టూడియోలో మొదటిసారి తీశాం. కాశ్మీరు పరదా బదులు తెల్లగుడ్డ కట్టాం. అవ్వ తన చీర మీద పొడుగు కోటు వేసుకుని, ఓటు వేసే లైన్లో నిలబడ్డట్టు నిలబడింది. పుస్తకంలో చదివిన విద్యలన్నీ ప్రయోగించాను. బరువు ఒక కాలి మీద వెయ్యాలి, అప్పుడు నడుములో వంపు వస్తుంది, బట్ట జారి మడతలు పడతాయి అని చెప్పాను. "ఒక కాలి మీద నిలబడ్తే పడిపోత" అంది. భుజం కొంచెం తిప్పమన్నాను. మొత్తం మనిషి తిరిగి గోడను చూస్తూ నిలబడింది. కోటు వీపు దగ్గర లూజుగా ఉంటే బట్టల క్లిప్పులు పెట్టాను. "నన్ను ఆరేస్తున్నవారా?" అని అడిగింది. గాలి కోసం టేబుల్ ఫ్యాను పెడితే కొంగు పోయి మామ ముఖం మీద పడింది.

మామ మాత్రం తన మూడు సూత్రాలూ వదల్లేదు. రెండు లైట్లూ ఎదురుగా పెట్టి, "అత్తా, గిటు జూడు! కెమెరాను జూడు!" అని అరిచాడు. నేను నొక్కాను. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, రోజూ చేసే పనే కాబట్టి, ఆలోచించకుండా మీట నొక్కి ఎనిమిది ఫొటోలూ తోమేశాను. నా కంటికి అద్భుతంగా ఉన్నాయి. అవ్వ ముఖం వెన్నముద్ద అయింది. నేను గర్వంగా ఫోనులో వేసుకుని ఇంటికి తీసుకుపోయాను.

ముందు అవ్వ చూసింది. ఫోను దగ్గరికీ దూరానికీ జరిపింది. "గీమె ఎవరు?"

"నువ్వేనే అవ్వా."

"నేనా? మరి నా ముఖం యాడ పెట్టినవ్?"

అక్క ఫోను తీసుకుంది. ఒక్కొక్క ఫొటో వేలితో పెద్దది చేసి చూసింది. ముఖం కాదు, భుజం చూసింది, అంచు చూసింది, చేతి మడత చూసింది.

"కుట్టు ఏదిరా?" అంది.

నేను చూశాను. కుట్టు లేదు. మూడు నెలల మధ్యాహ్నాలు, సాళ్లు తీసినట్టున్న ఆ వరసలు, అవ్వ ముడతలతో పాటే తుడుచుకుపోయాయి. ఫొటోలో బొంత కోటు లేదు, రంగురంగుల రెయిన్‌కోటు ఉంది.

"ముఖమైతే మంచిగొచ్చింది గద అక్కా" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట ఇంకోటి ఉందేమో నాకు తెలియదు.

"ముఖానికి సీటిస్తరారా?"

ఇట్లాంటప్పుడు మనుషులు ఏడుస్తారు. ఏడిస్తే నేను ఏదో ఒకటి అని నవ్విస్తాను, ఇంట్లో అదొక ఏర్పాటు. అక్క ఏడవలేదు. పొడుగు కోటును తీసి, చేతులు లోపలికి పెట్టి, నెమ్మదిగా మడిచింది. ఫొటోలు పంపే గడువుకు ఇంకా రెండు పొద్దులే ఉన్నాయి.

నేను పరుగెత్తి స్టూడియోకు పోయి తోమని ఫొటోలు తెరిచాను. అవ్వ ముఖం తిరిగొచ్చింది, కుట్టు రాలేదు. లైట్లు రెండూ ఎదురుగా ఉన్నాయి కదా. ఎదురు వెలుతురులో గుంట ఉండదు, గట్టు ఉండదు. దున్నిన చేను కూడా చాపలాగా కనిపిస్తుంది. తప్పు తోముడుది ఒక్కదానిదే కాదు. మామ ఇరవై ఏండ్ల పెండ్లిళ్లన్నీ చదును వెలుతురే. ముఖాలకు అది చాలు. బొంతకు చాలదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అవ్వ కప్పుకునే పాతబొంత వాకిట్లో తాడు మీద వేలాడుతోంది. సూర్యుడు అప్పుడే మిరపచేను మీదికి వచ్చాడు. ఎండ నేలకు అంటుకుని, అడ్డంగా, బొంత అంచు నుంచి అంచుకు పాకుతోంది. ప్రతి కుట్టు దగ్గరా గుడ్డ కొంచెం దిగి ఉంది, ఆ దిగిన చోట చిన్న నీడ ఉంది. ఒకటి కాదు, వేల నీడలు. గాలికి బొంత ఊగితే నీడలు ఒకసారి పొట్టివై, ఒకసారి పొడుగై, వరసలన్నీ ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలాయి. నేను మంచం మీదే కూర్చుని చూస్తూ ఉండిపోయాను. బొంత మీద ఒక దేశం ఉంది. సాళ్లు, గట్లు, డొంకలు, కాలువలు. చిన్నప్పుడు దాని కింద పండుకుని ఎన్నిసార్లు వేళ్లతో ఆ గట్ల మీద నడిచానో గుర్తొచ్చింది. పుస్తకంలో ఉన్ని కోట్ల బొమ్మల దగ్గర చదివిన ముక్క కూడా గుర్తొచ్చింది: నేత కనపడాలంటే వెలుతురు పక్క నుంచి రావాలి. అది చదివి ఏడాదైంది. అర్థం కావడానికి తాడు మీద బొంత కావలసి వచ్చింది.

"అక్కా, మల్ల తీద్దాం. పొద్దున ఎండల" అన్నాను.

అక్క నా వైపు చూసి, "నన్ను గాదు, అవ్వనడుగు" అంది.

అవ్వ పొయ్యి దగ్గర ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఇంకొక్కసారి రావాలె అవ్వా."

"నేనెందుకు? గా ఫొటోల ఉన్నామెను పిల్సుకో."

"ఆమె లేదు అవ్వా."

"లేకేంది? నువ్వే గద చేసినవ్. తెల్లగుంది, మంచిగుంది. ఆమెకు తొడుగు."

అంతవరకు నాకు అవ్వ కోపం ఎట్లా ఉంటుందో తెలియదు. ఎందుకంటే అది కేకలు వేయదు, రొట్టె తిప్పుతుంది. మూడు రొట్టెలు తిప్పింది. నేను, తప్పైంది అన్నాను. దాని వెనక ఏ జోకూ పెట్టలేదు. నాకు తెలిసి అది మొదటిసారి.

"ముఖం ముట్టొద్దు" అంది చివరకు.

"ముట్ట."

"నిలబడుమంటే నిలబడ. నాకు పనుంది. రేపు పొద్దుగాల కాలువ కట్టకు గడ్డి కోయబోత. బిడ్డ కోటు తొడిగితే తొడుక్కుంట. తీసుకుంటే తీసుకో, లేకుంటే లేదు."

కెమెరా మామది కాబట్టి మామ కూడా వచ్చాడు. చలి. యాసంగి వరినాట్లు పడ్డ రోజులు. కాలువకు అటూ ఇటూ మళ్లలో నీళ్లు, నీళ్ల మీద పల్చగా పొగ. నాటు మొలకలు అప్పుడే పచ్చబడుతున్నాయి. ఊరు వెనక ఎక్కడో ఉన్నట్టు లేనట్టు ఉంది. నూనె రాసిన గాజులోంచి చూస్తే ఎట్లా ఉంటుందని ఏడాదిగా అనుకుంటున్నానో, ఆ పొద్దున అంతా అట్లానే ఉంది, గాజు లేకుండా. కొడవలి పట్టుకుని, పొడుగు కోటు తొడుక్కుని, అవ్వ కట్ట మీద మా ముందు నడుస్తోంది. ఆమె పాదాలు పొగలో మునిగి, మనిషి నేలకు కొంచెం పైన పోతున్నట్టుంది.

సూర్యుడు ఎడమ పక్క నుంచి వచ్చాడు. నేను కుడి వైపు నీడ మరీ నల్లబడకుండా ఎండను తిప్పి కొట్టడానికి తెల్ల థర్మాకోల్ అట్ట ఒకటి తెచ్చి నాయిన చేతికిచ్చాను. నాయిన దాన్ని రెండు చేతులతో, దేవుడి పటం మోస్తున్నట్టు పట్టుకున్నాడు.

"గిదేం జేస్తదిరా?"

"ఎండను వాపస్ పంపుతది నాయినా."

"ఎండ వద్దంటే వాపస్ పోతదా? గీ సంగతి నాకు ఎండకాలంల జెప్తే బాగుండు గద."

మామ గోల ఇంకోటి. "ముఖం సగం నల్లగొస్తాందిరా! ఫ్లాష్ కొట్టు! అత్తా, గిటు జూడు!" అవ్వ చూడలేదు. వంగి గడ్డి కోస్తోంది. వంగినప్పుడు కోటు వీపు మీద గుడ్డ బిగిసి, కుట్టు వరసలన్నీ ఎండలోకి లేచాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని తీస్తూ పోయాను. లేచింది, తీశాను. గడ్డిమోపు చంకన పెట్టుకుంది, తీశాను. తిరిగింది, కోటు అంచు గంటలాగా విచ్చుకుంది. అక్క ఆమె వెనకే నడుస్తూ అంచు సరిచేసి, నేను "తప్పుకో" అనగానే కట్ట దిగి కూర్చునేది. ఎవరూ దూకలేదు, ఎవరూ సముద్రం ఒడ్డున పరుగెత్తలేదు. అయినా బట్టకు గాలి తగిలింది.

అప్పుడు గాలి థర్మాకోల్ అట్టకు కూడా తగిలింది. నాయిన చేతుల్లోంచి లేచి, రెండు పల్టీలు కొట్టి, కాలువలో పడి హంసలాగా సాగిపోయింది. నాయిన చెప్పులతో సహా దిగి వెంటపడ్డాడు. మామ కట్ట మీద నుంచి "ఎడమకు బావా, ఎడమకు!" అని దారి చెప్పాడు. నేను నీడ చెడిపోయిందనుకుని కెమెరాలో చూశాను. చెడిపోలేదు. అవ్వ కుడి పక్కన మడి నిండా నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఎప్పటి నుంచో ఎండను తిప్పి ఆమె చెంప మీదికి, కోటు మీదికి పంపుతూనే ఉన్నాయి. అట్ట అసలు అవసరమే లేదు. నాయినకు ఆ సంగతి చెప్పలేదు. అప్పటికి మోకాళ్ల లోతు నీళ్లలోనే నడుము దాకా తడిసి, అట్ట పట్టుకుని నవ్వుతూ వస్తున్నాడు.

అవ్వ ఇదంతా ఆగి చూసింది. ముఖం సగం ఎండలో, సగం నీళ్ల వెలుతురులో. కండ్ల కింద, నోటి పక్కన, నుదుటి మీద ముడతలు; భుజం మీద నుంచి అంచు దాకా కుట్టు వరసలు. ఒకటి ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో ఒక క్షణం నాకు తెలియలేదు. నొక్కాను. కాళ్లు తెగిపోయాయి. కెమెరాను చూడలేదు. ముఖం తెల్లగా లేదు. మామ మూడు సూత్రాలూ ఒక్క ఫొటోలో పోయాయి.

మామ వచ్చి కెమెరా వెనక చూశాడు. పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. కోటు చెయ్యి మీద ఒకచోట వరస కొంచెం వంగి, మళ్లీ దారిలోకి వచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"కాళ్లు కోసినవ్" అన్నాడు. కాసేపయ్యాక, "జర ముఖమొక్కటి తోముదామా?" అన్నాడు.

"తోమితే చేతులిరగ్గొడ్త పిలగా" అంది అవ్వ, గడ్డిమోపు నెత్తికెత్తుకుంటూ.

అక్క ఎనిమిది ఫొటోలు ఏరింది. నేను ఏదీ ముట్టలేదు. మీట మీదికి వేలు రెండుసార్లు దానంతటదే పోయింది, అలవాటు. రెండుసార్లూ అక్క కొట్టింది. ఫొటోల కింద బట్టల గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఏ చీర ఎన్నేండ్లు కట్టిందో అక్క అవ్వనడిగి, అదే రాసింది. నేను కొంచెం గంభీరంగా ఉండేట్టు ఇంకో వాక్యం చేర్చమన్నాను. చేర్చలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం పంపింది. మా ఇంట్లో నెట్ సిగ్నల్ మేడ మీద ఒక మూలనే దొరుకుతుంది, కాబట్టి ఆ ఘట్టం నీళ్ల ట్యాంకు పక్కన జరిగింది.

తర్వాత నెలా పదిహేను రోజులు. ఆ రోజులు నాకు ఇప్పటికీ పొగ పట్టినట్టే గుర్తున్నాయి. షాద్‌నగర్ కంపెనీ నుంచి సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోను చేశాడు, ఎడమ చేతులకు మనుషులు కావాలని. అక్క "చెప్త సార్" అని పెట్టేసేది. మధ్యాహ్నాలు అవ్వ పక్కన కూర్చుని ఏదో ఒకటి కుడుతూనే ఉండేది, కానీ సూది మధ్యలో ఆగిపోయేది. ఆ ఆగిన చోట వసారా మొత్తం ఆగేది. నేను ఏమైనా అనాలని నోరు తెరిచి, మూసుకునేవాణ్ని. అది నా జీవితంలో చాలా నిశ్శబ్దమైన కాలం. ఇంట్లోవాళ్లు నాకు జ్వరమేమో అనుకున్నారు.

ఒక పొద్దున మేడ మీద పెట్టి తెచ్చిన ఫోనులో కాలేజీ ఉత్తరం ఉంది. అక్క చేతులు తడిగా ఉన్నాయని నన్ను తెరవమంది. నాయిన పొలానికి పోబోతూ గడప దగ్గర నిలబడ్డాడు. అవ్వ రొట్టె తిప్పడం ఆపింది.

"ఎంపిక చేశారు" అన్నాను.

అక్క గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. తడి చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఏమీ లేని చోట చూస్తోంది. కిటికీలోంచి ఎండ పక్కగా వచ్చి ఆమె చెంప మీద పడింది. ఫొటో తీయాలనిపించింది, కెమెరా స్టూడియోలో ఉంది. అవ్వ లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

నాయిన గడప దాటి లోపలికి వచ్చాడు. "ఫికర్ లేదిగ. మొత్తం సదువురా, ఇంకేం రాసిండ్రు?"

నేను రెండో పేజీ తెరిచి చదివాను. హాస్టల్లో నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే వస్తాయి. బకెట్, మగ్గు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.